మెర్క్యురీ విషానికి సెలీనియం విరుగుడు: టెస్టింగ్ టూల్ కొనాలా వద్దా అనే పాత పంచాయితీ



పోయిన నెల మన గ్రూపు అక్క ఒకామె మాకు ఒక ప్రశ్న పంపింది. అక్క హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. అక్కడ టెస్టింగ్ అంతా చేత్తోనే జరుగుతది. నలుగురు చేస్తరు, అందులో ఇద్దరు కాంట్రాక్టు మీద ఉన్నరు. ఇప్పుడు మేనేజర్ ఆటోమేషన్ టూల్ ఒకటి కొందామనుకుంటున్నడు. కొంటే లాభమా నష్టమా రెండు పేజీల్లో రాసియ్యమని అక్కకే చెప్పిండట. "అమ్మేటోళ్లు చెప్పేది నేను మూడు సార్లు విన్న. వాళ్లు చెప్పనిది ఏంటో మీరు చూసి పెట్టండ్రి" అన్నది అక్క.

ఈ హాస్టల్లో బీఎస్సీ కంప్యూటర్స్ చదివే మేము నలుగురం దీని మీద కూర్చున్నం. చదివిన కొద్దీ ఇది ఒక్క ఆఫీసు సంగతి కాదని అర్థమైంది. 1990ల నుంచి ప్రతి కంపెనీలో ఇదే పంచాయితీ నడిచింది. పైగా మనోళ్లలో చాలామంది డిగ్రీ కాంగనే పోయేది టెస్టింగ్ కోర్సులకే. ఇంట్ల మేకలు అమ్మి ఫీజు కట్టే ముందు ఈ చరిత్ర తెలిసి ఉంటే మంచిదని అందరి కోసం రాస్తున్నం.

ముందు టెస్టింగ్ అంటే ఏంటో తెలియని తమ్ముళ్ల కోసం నాలుగు మాటలు. మనం స్కాలర్‌షిప్ ఫారం ఆన్‌లైన్‌లో నింపుతం గదా. పేరు, ఆధార్ నంబరు, కులం సర్టిఫికెట్ నంబరు, బ్యాంకు ఖాతా. ఆధార్‌లో 11 అంకెలే కొడితే ఆ సైట్ "తప్పు" అని చెప్పాలి. 12 కొడితే ముందుకు పోనివ్వాలి. అన్ని గడులు ఖాళీగా పెట్టి సబ్మిట్ నొక్కితే ఏమైతది? ఒకే నంబరుతో ఇద్దరు అప్లై చేస్తే? ఇట్లాంటివి వందల కొద్దీ ఉంటయి. సైట్‌లో చిన్న మార్పు చేసినా పాతవన్నీ మళ్లీ సరిగ్గా పనిచేస్తున్నయా అని మొదటి నుంచి చూడాలి. దీన్ని రిగ్రెషన్ టెస్టింగ్ అంటారు. మనిషికి విసుగొచ్చే పని ఇదే. ఈ విసుగు మీదనే ఒక పెద్ద వ్యాపారం పుట్టింది.

1980ల చివరి దాకా కంప్యూటర్ తెర మీద ఎక్కువగా అక్షరాలే ఉండేవి. 1990లో విండోస్ 3.0 వచ్చాక బటన్లు, మెనూలు, కిటికీలు మామూలైపోయాయి. అవన్నీ నొక్కి చూడటానికి మనుషులు చాలలేదు. సరిగ్గా ఆ సమయానికి, 1989లో, మెర్క్యురీ ఇంటరాక్టివ్ అనే కంపెనీ మొదలైంది. ఆఫీసు కాలిఫోర్నియాలో, ఇంజనీర్లలో చాలామంది ఇజ్రాయెల్‌లో. విన్‌రన్నర్, లోడ్‌రన్నర్ అనే టూల్స్ వాళ్లవే. విన్‌రన్నర్ చేసే పని వినడానికి మాయలాగ ఉండేది. మనిషి ఒకసారి ఫారం నింపుతుంటే అది చూసి రాసుకుంటది, తర్వాత మనిషి లేకుండా అదే పనిని తిరిగి చేస్తది. రికార్డ్ అండ్ ప్లేబ్యాక్. ఇదే దారిలో సెగ్యూ అనే కంపెనీ సిల్క్‌టెస్ట్‌ను, రేషనల్ అనే కంపెనీ రోబో అనే టూల్‌ను అమ్మాయి.

డెమోలో ఇది ఎప్పుడూ పనిచేస్తది. అక్క మూడు సార్లు చూసింది కూడా ఆ డెమోనే, ముప్పై ఏళ్ల కింద మేనేజర్లు చూసిందీ అదే. చిక్కు ఆ తర్వాత వస్తది. "సబ్మిట్" అన్న బటన్ పేరును "సేవ్ చేసి ముందుకు" అని మార్చారనుకోండి. మనిషికి అర్థమైతది. రికార్డు చేసిన స్క్రిప్టు మాత్రం "సబ్మిట్" కోసం వెతికి, దొరక్క, ఫెయిల్ అని రాస్తది. ఆ ఒక్క బటన్ వంద టెస్టుల్లో ఉంటే వంద ఫెయిల్. సైట్ బాగానే ఉంది, చెడిపోయింది టెస్టు. వాటిని సరిచేసే పని మళ్లీ మనిషిదే.

దీన్ని గట్టిగా చెప్పినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. 1996లో జేమ్స్ బాక్ అనే టెస్టర్ ఒక వ్యాసం రాసి, ఆటోమేషన్ గురించి చెప్పే గొప్పలను సంతలో సర్వరోగ నివారిణి అమ్మేవాళ్ల మందుతో పోల్చాడు. ఆటోమేషనే వద్దని ఆయన అనలేదు. టెస్టింగ్ అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడమే అనుకోవడం తప్పు అన్నాడు. మరుసటి ఏడాది కెమ్ కేనర్ లెక్క చెప్పాడు. ఒక టెస్టును చేత్తో ఒకసారి చేయడానికి పట్టే సమయం కంటే, దాన్ని ఆటోమేట్ చేసి, సరిచూసి, రాసి పెట్టడానికి 3 నుంచి 10 రెట్లు పడుతుందని, కొన్నిసార్లు ఇంకా ఎక్కువని.

ఈ లెక్క మేము కాగితం మీద వేసి చూసినం. చేత్తో పది నిమిషాలు పట్టే టెస్టును ఆటోమేట్ చేయాలంటే అరగంట నుంచి గంటా నలభై నిమిషాలు. ఏడాదికి రెండు సార్లే నడిపే టెస్టుకు ఇది శుద్ధ దండుగ. వారం వారం నడిపేదైతే మూడు నెలల్లోపే పెట్టిన సమయం తిరిగొస్తది, మధ్యలో బటన్లు మారకపోతే. అంటే "టూల్ మంచిదా" అని అడిగే ముందు "మన దగ్గర ఏ టెస్టు ఎన్నిసార్లు నడుస్తుంది, ఆ తెర ఎన్నిసార్లు మారుతుంది" అని అడగాలి. అక్క ఆఫీసులో ఈ రెండు లెక్కలు ఎవ్వరి దగ్గరా లేవు! ఇప్పుడు అక్క రాసుడు మొదలుపెట్టింది.

ఇక అసలు కథ, యజమానుల కథ. ఇదే మాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది.

మెర్క్యురీ పెద్దదైంది. విన్‌రన్నర్‌తో పాటు క్విక్‌టెస్ట్ ప్రొఫెషనల్ అనే ఇంకో టూల్ తెచ్చింది, దాన్నే క్యూటీపీ అంటారు. అమీర్‌పేటలో చదువుకున్న అన్నలను అడగండి, మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద, కరపత్రాల మీద విన్‌రన్నర్, క్యూటీపీ, లోడ్‌రన్నర్ అని రాసి ఉండేది. ఇవి ఒక అమెరికా కంపెనీ అమ్మే సరుకు పేర్లు. కానీ మన దగ్గర అవే చదువు పేర్లయిపోయాయి. "ఏం నేర్చుకున్నవ్" అంటే "టెస్టింగ్" అనేటోళ్లు కాదు, "విన్‌రన్నర్" అనేటోళ్లు.

2005 నవంబరులో, షేర్ల ఆప్షన్ల తేదీలు వెనక్కి వేశారన్న గొడవలో మెర్క్యురీ పెద్ద అధికారులు రాజీనామా చేయాల్సి వచ్చింది. 2006లో హెచ్‌పీ ఆ కంపెనీని సుమారు 450 కోట్ల డాలర్లకు కొన్నది. ఇంట్లో ఒకే పని చేసే టూల్స్ రెండు ఎందుకు? 2008లో విన్‌రన్నర్‌కు ఇక మద్దతు ఆపేస్తున్నామని, క్యూటీపీ వైపు రమ్మని హెచ్‌పీ కస్టమర్లకు చెప్పింది. వినడానికి చిన్న మాట. కానీ విన్‌రన్నర్ స్క్రిప్టులు టీఎస్ఎల్ అనే దాని సొంత భాషలో ఉంటయి, క్యూటీపీవి వీబీస్క్రిప్ట్‌లో ఉంటయి. టీఎస్ఎల్ బయట ఎక్కడా పనికిరాదు. ఏళ్ల తరబడి రాసుకున్న స్క్రిప్టులు కొత్త భాషలో మళ్లీ రాసుకోవాలి. ఆ భాష ఒక్కటే నేర్చుకుని ఉద్యోగంలో చేరిన మనిషి మళ్లీ కోర్సుకు పోవాలి.

మా జిల్లాలో దీన్ని ఎవ్వరికైనా ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. తాతల కాలంలో జొన్న విత్తనం ఇంట్లనే దాచుకునేటోళ్లు. ఇప్పుడు పత్తి విత్తనం ప్యాకెట్ ఏటా దుకాణంలో కొనాలి. నిరుటి పంట గింజ ఈ ఏడు వేస్తే అట్ల రాదు. భూమి మనది, కష్టం మనది, విత్తనం మాత్రం ఇంకొకరిది. పత్తి వద్దని ఎవరూ అంటలేరు, దాని మీదనే మా ఫీజులు కట్టిండ్రు. ఏడాదేడాది ఎవరి దుకాణం ముందు నిలబడాల్నో తెలిసి వేయాలె, అంతే.

క్యూటీపీ ప్రయాణం అక్కడితో ఆగలేదు. 2012లో పేరు యూఎఫ్‌టీ అయింది. 2015లో హెచ్‌పీ రెండుగా చీలినప్పుడు హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ వాటాకు వెళ్లింది. 2017లో బ్రిటన్‌కు చెందిన మైక్రో ఫోకస్ చేతికి వచ్చింది. 2023 జనవరి చివర్లో కెనడా కంపెనీ ఓపెన్‌టెక్స్ట్ మైక్రో ఫోకస్‌నే కొనేసింది. 17 ఏళ్లలో నాలుగు సార్లు చేతులు మారింది. తమాషా ఏంటంటే, దానికి పోటీగా పుట్టిన సిల్క్‌టెస్ట్ కూడా 2006లో బోర్లాండ్‌కు, 2009లో అదే మైక్రో ఫోకస్‌కు పోయింది. ఒకప్పుడు కొట్టుకున్న రెండు టూల్స్ ఒకే ఇంటి కోడళ్లయ్యాయి. ఇది నచ్చలేదు, పోటీ కంపెనీది కొంటాం అని మారినవాళ్లు కూడా చివరికి అదే గుమ్మం ముందుకొచ్చారు. రేషనల్‌ను 2003లోనే ఐబీఎం కొన్నది.

న్యాయంగా చెప్పాలంటే క్యూటీపీ కొన్నవాళ్లను ఎవరూ నడిరోడ్డు మీద వదిలేయలేదు. ఆ టూల్ ఇప్పటికీ బతికే ఉంది, బ్యాంకుల్లో, పెద్ద కంపెనీల్లో వాడుతున్నారు. అయితే 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఇంకో కబురు చెప్పింది, వీబీస్క్రిప్ట్‌ను విండోస్ నుంచి దశలవారీగా తీసేస్తామని. టూల్ ఒకరిది, అది నిలబడ్డ భాష ఇంకొకరిది. కొనేటప్పుడు రెండో యజమాని ఎవరో కూడా చూడాలన్నమాట.

ఇప్పుడు ఇంకో దారి. 2004లో చికాగోలో థాట్‌వర్క్స్ అనే కంపెనీలో జేసన్ హగ్గిన్స్ అనే ఉద్యోగి ఉండేవాడు. ఉద్యోగుల పని గంటలు, ఖర్చులు నమోదు చేసే వాళ్ల ఆఫీసు అప్లికేషన్‌ను టెస్ట్ చేయడానికి జావాస్క్రిప్ట్‌తో ఒక చిన్న పనిముట్టు రాసుకున్నాడు. దాన్ని అందరికీ ఉచితంగా, కోడ్‌తో సహా ఇచ్చేశారు. పేరు సెలీనియం. మెర్క్యురీ అంటే పాదరసం, పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని ఆయన వేసిన జోకు అది. ఈ పేరు వెనక ఉన్న ఎత్తిపొడుపు తెలియకుండానే మన దగ్గర వేల మంది సెలీనియం కోర్సు చేశారు!

జపాన్ నుంచి షిన్యా కసతాని దానికి రికార్డ్ చేసే ఐడీఈ రాశాడు. సైమన్ స్టీవర్ట్ అనే ఆయన వెబ్‌డ్రైవర్ అనే ఇంకో ప్రాజెక్టు మొదలుపెట్టాడు. రెండూ కలిసి 2011లో సెలీనియం 2 అయ్యాయి. 2018 జూన్‌లో వెబ్‌డ్రైవర్‌ను డబ్ల్యూ3సీ, అంటే వెబ్‌కు ప్రమాణాలు రాసే సంస్థ, అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. ఒక ఆఫీసులో అవసరానికి రాసుకున్న పనిముట్టు నుంచి మొదలైన పని, పద్నాలుగేళ్లలో బ్రౌజర్లు చేసే కంపెనీలన్నీ పాటించే పద్ధతి అయింది. 2020లో మైక్రోసాఫ్ట్ ప్లేరైట్ అనే మరో ఉచిత టూల్ విడుదల చేసింది. అది వేరే దారిలో పనిచేస్తది, చాలామంది ఇప్పుడు అటు పోతున్నారు.

ఇక్కడ ఆగిపోతే "ఉచితమే మేలు" అని తేలిపోతది. మాలో ఇద్దరు అట్లనే వాదించిండ్రు కూడా. కానీ చరిత్ర అంత సాఫీగా లేదు. సెలీనియం వాడినవాళ్లు కూడా పాత ఆర్‌సీ పద్ధతి నుంచి వెబ్‌డ్రైవర్‌కు మారినప్పుడు స్క్రిప్టులు తిరగరాసుకున్నారు. 2016లో సెలీనియం 3 వచ్చినప్పుడు ఆ పాత కోర్ భాగాన్ని తీసేశారు. 2017లో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లకు దారి మూసే క్రమంలో, ఫైర్‌ఫాక్స్ 55 రాగానే సెలీనియం ఐడీఈ పనిచేయడం మానేసింది. ఫోన్ చేసి నిలదీయడానికి అవతల ఎవరూ లేరు. అయితే కోడ్ అందరి చేతుల్లో ఉంది కాబట్టి ఐడీఈని మళ్లీ కొత్తగా రాసి నిలబెట్టారు. విన్‌రన్నర్‌ను అట్ల ఎవరూ నిలబెట్టలేకపోయారు, దాని కోడ్ తాళం వేసిన పెట్టెలో ఉంది.

ఇంకోటి, సెలీనియం బ్రౌజర్‌లో నడిచేవాటికి మాత్రమే. అక్క కంపెనీలో వెబ్‌సైట్‌తో పాటు విండోస్ మీద నడిచే పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాన్ని సెలీనియం నేరుగా ముట్టలేదు. ఇట్లాంటి పాత డెస్క్‌టాప్ అప్లికేషన్లు, ఎస్ఏపీ లాంటివి, బ్యాంకుల మెయిన్‌ఫ్రేమ్ తెరలు, వీటి దగ్గరే అమ్మే టూల్స్ నిజంగా తమ డబ్బుకు న్యాయం చేశాయి. పైగా సెలీనియం వాడాలంటే జావా, పైథాన్ లాంటి భాష ఏదో ఒకటి రావాలి. నలుగురు టెస్టర్లలో ఒక్కరికే వస్తే, ఆ ఒక్కరు ఉద్యోగం మారిన రోజున ఉచిత టూల్ కూడా మూలన పడతది. ఉచితం అంటే లైసెన్సుకు డబ్బు లేదని. నేర్చుకునే రోజులకు, నిలబెట్టే మనిషికి జీతం ఎప్పుడూ ఉంటది.

అందుకే అక్కకు మేము పంపింది ఇది. ధర గురించి ఆఖర్న రాయి. ముందు, డబ్బు కట్టడం ఆపేసిన మరునాడు మన చేతిలో ఏం మిగులుతుందో రాయి. స్క్రిప్టులు మన డిస్కులో ఉంటాయా, వాళ్ల సర్వర్లో ఉంటాయా? అవి అందరికీ తెలిసిన భాషలో ఉంటాయా, వాళ్ల టూల్ తెరిస్తేనే కనబడే రూపంలోనా? టూల్ లేకుండా కనీసం చదవొచ్చా? తర్వాత లైసెన్సు సంగతి. ఒక్కో మెషీన్‌కు ఒకటా, లేక ఒకరు వాడి వదిలేస్తే ఇంకొకరు వాడుకునే రకమా? రెండో ఏడాది ధర ఒప్పందంలో రాసి ఉందా? క్యూటీపీ కాలంలో జావాకు, ఎస్ఏపీకి యాడ్-ఇన్‌లు విడిగా కొనాల్సి వచ్చేది, ఇప్పుడు కూడా అట్లాంటివి ఏమన్నా ఉన్నాయేమో అడుగు.

ఇది రాస్తుంటే మాలో ఒకడు నవ్విండు. "మన తాతలు సావుకారుని అడగాల్సిన ప్రశ్నలు ఇవే గదరా" అని. నిజమే. ఉప్పు, బట్ట అప్పుగా ఇచ్చి, బదులుగా బంక, చింతపండు తానే చెప్పిన ధరకు తీసుకునేటోళ్లు. ఆ దోపిడీని తట్టుకోవడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ అమ్మేటోళ్లను సావుకార్లతో కలపడం ఎక్కువే, వాళ్లు ఒప్పందం రాసిచ్చి అమ్ముతరు. కాకపోతే రాసిన కాగితాన్ని చదివే అలవాటు మనకు ఇప్పుడిప్పుడే వస్తున్నది.

అక్క అడగకుండానే అడిగిన ఇంకో ప్రశ్న ఉంది. టూల్ వస్తే ఆ నలుగురిలో ఎవరు పోతరు? కాంట్రాక్టు మీద ఉన్న ఇద్దరిలో ఒకరు మనోడే. చేత్తో మాత్రమే చేసే పనికి గిరాకీ మీద ఒత్తిడి ఉన్న మాట కాదనలేం. కానీ మైకేల్ బోల్టన్ అనే టెస్టర్ 2009లో ఒక తేడా చూపాడు. ముందే తెలిసిన జవాబు వచ్చిందా లేదా చూడటం చెకింగ్, అది యంత్రం చేస్తది. ఏం తప్పు జరగొచ్చో వెతకడం టెస్టింగ్, అది మనిషి పని. దీనికి అక్క దగ్గరే ఉదాహరణ దొరికింది. వాళ్ల సైట్ తెలుగులో కూడా ఉంటది. ఒక ఫాంటులో ఒత్తులు విడిపోయి "లక్ష్మి" అన్న పేరు ముక్కలుగా కనబడుతున్నది. స్క్రిప్టు లోపలి అక్షరాలను పోల్చి చూసి పాస్ అంటది, ఎందుకంటే లోపల అక్షరాలు సరిగ్గానే ఉన్నయి, తెర మీద గీసేటప్పుడు చెడిపోయినయి. అది కంటికి మాత్రమే తెలిసింది. పట్టుకున్నది ఆ కాంట్రాక్టు తమ్ముడే. ఈ సంగతి ఆ రెండు పేజీల్లో పేరుతో సహా రాయమన్నం.

కోర్సులకు పోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. డెమో క్లాసులో టూల్ పేరు చెప్పి ఫీజు అడిగితే, ఆ ఫీజులో ప్రోగ్రామింగ్ భాష ఎన్ని రోజులు చెప్తరో అడగండి. జావానో పైథానో వచ్చినోళ్లు సెలీనియం నుంచి ప్లేరైట్‌కు కొన్ని వారాల్లో మారొచ్చు. టీఎస్ఎల్ ఒక్కటే వచ్చినోళ్లకు 2008లో ఆ వీలు లేకపోయింది.

అక్క ఇప్పుడు ఏం చేస్తున్నదంటే, అమ్మేటోళ్ల దగ్గర ముప్పై రోజుల ట్రయల్ తీసుకున్నది. వాళ్లు ఇచ్చిన నమూనా సైట్ మీద కాకుండా సొంత కంపెనీ పనుల మీదనే పెట్టింది. వెబ్‌సైట్‌లో పది టెస్టులు ఆ టూల్‌తో, అవే పది ప్లేరైట్‌తో. పాత బిల్లింగ్ మీద ఇంకో ఐదు, టూల్‌తో మాత్రమే. రెండు వారాలు కాంగనే డెవలపర్‌కు చెప్పి, నాలుగు బటన్ల పేర్లు, ఒక పేజీ వరుస కావాలనే మార్పించింది. ఎన్ని టెస్టులు విరిగినయి, వాటిని ఎవరు, ఎన్ని గంటల్లో సరిచేసిండ్రు, అన్నీ కాపీలో రాస్తున్నది. బిల్లింగ్ వరకు ఒక్క మెషీన్‌కు లైసెన్సు కొని, వెబ్‌సైట్‌ను ప్లేరైట్‌తో నడిపితే చాలేమో అని ఇప్పటికి అక్క అభిప్రాయం, మాది కూడా అదే. ట్రయల్ ఈ నెలాఖరుకు అయిపోతది, సోమవారం మేనేజర్‌తో మీటింగ్. ఈ టూల్స్ మీద పనిచేసిన అన్నలు, అక్కలు ఎవరన్నా ఉంటే, లైసెన్సు రెండో ఏడాది రెన్యువల్‌లో మీ ఆఫీసులో ఏం జరిగిందో ఆదివారం లోపల కింద రాయండి, అక్కకు పంపిస్తం.